ఆగని హోరు: వ్యోమగాముల వినికిడిపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అంతరిక్ష కేంద్రంలో దైనందిన జీవితం గురించి గత సంచికలో వచ్చిన వ్యాసంలో, అక్కడ నెలల తరబడి ఉండి వచ్చినవారికి తిరిగి దిగాక చెవి పరీక్ష తప్పనిసరిగా చేస్తారని ఒక్క వాక్యంలో రాశాము. ఆ వాక్యాన్ని పట్టుకొని చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి, ప్రశ్నలను కొద్దిగా కుదించి, ఈ సంచిక శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: శూన్యంలో శబ్దం ప్రయాణించదని బడిలో చదువుకున్నాము. అలాంటప్పుడు అంతరిక్షంలో ఉన్నవారి చెవి శబ్దం వల్ల దెబ్బతినడం ఎలా సాధ్యం?

జవాబు: మీరు చదువుకున్నది నిజమే, కానీ అది అంతరిక్ష కేంద్రం గోడకు బయట వర్తించే నిజం. లోపల మనిషి బతకాలంటే గాలి ఉండాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో సముద్ర మట్టం దగ్గర ఉన్నంత పీడనంలోనే గాలిని ఉంచుతారు కాబట్టి, శబ్దం అక్కడ కూడా ఇక్కడి లాగానే ప్రయాణిస్తుంది. పైగా ఆ కేంద్రం పెద్ద పెద్ద లోహపు గొట్టాలను ఒకదానికొకటి తగిలించినట్టుండే కట్టడం. శబ్దం బయటికి పోయే దారి లేక గోడల మధ్యనే తిరుగుతుంది.

ఆ శబ్దం ఎక్కడి నుంచి వస్తుందన్నది అసలు సంగతి. భూమి మీద వెచ్చటి గాలి తేలికై పైకి లేస్తుంది, చల్లటి గాలి దాని చోటులోకి వస్తుంది. మనం వదిలిన ఊపిరి మన ముఖం దగ్గర నిలవకుండా కదిలిపోవడానికి ఈ సహజ ప్రవాహం ఎంతో సాయపడుతుంది. భారరహిత స్థితిలో పైకి, కిందికి అన్న తేడాయే లేదు కాబట్టి ఈ ప్రవాహం కూడా ఉండదు. గాలిని యంత్రంతో కదిలించకపోతే, నిద్రపోతున్న మనిషి వదిలిన కార్బన్ డయాక్సైడ్ అతని ముఖం చుట్టూనే పేరుకుంటుంది. కాసేపటికి తలనొప్పితోనో, ఊపిరాడకనో మెలకువ వస్తుంది. నిప్పంటుకున్నా పొగ పైకి లేవదు. గాలి ప్రవాహం మోసుకొని వస్తేనే పొగను పసిగట్టే పరికరానికి అది అందుతుంది. కంప్యూటర్లలో పుట్టిన వేడి సైతం ఫ్యాన్ గాలి లేనిదే వాటిని వదిలిపోదు. అందుకే అక్కడ ఫ్యాన్లు రాత్రింబగళ్లు తిరుగుతూనే ఉంటాయి. వాటికి తోడు కార్బన్ డయాక్సైడ్‌ను తొలగించే యంత్రాలు, నీటి నుంచి ఆక్సిజన్ తీసే యంత్రం, వాడిన నీటిని శుద్ధి చేసే యంత్రం, శీతలీకరణ ద్రవాన్ని నడిపించే పంపులు పనిచేస్తుంటాయి. వ్యోమగాముల చెవిని అలసటకు గురిచేసే ఈ హోరు, వారిని బతికిస్తున్న యంత్రాల నుంచి వచ్చేదే. అందువల్ల దానిని ఆపివేయడం అన్న ప్రశ్నే లేదు. అక్కడ హఠాత్తుగా నిశ్శబ్దం ఆవరించిందంటే విద్యుత్తు పోయిందనో, ఫ్యాన్ ఆగిపోయిందనో అర్థం.

ప్రశ్న: కేంద్రంలో శబ్దం సుమారు 60 డెసిబెల్స్ అని ఎక్కడో చదివాను. మామూలు సంభాషణ కూడా అంతే ఉంటుంది కదా? మాటలు వింటే ఎవరి చెవీ పాడు కాదు. మరి ఈ భయం ఎందుకు?

జవాబు: ఈ ప్రశ్నకు కొంత వివరంగా జవాబు చెప్పడం అవసరం, ఎందుకంటే డెసిబెల్ అంకెను ఒక్కదాన్నే చూస్తే ఎవరికైనా ఈ అనుమానమే కలుగుతుంది.

డెసిబెల్ మామూలు కొలతల వంటిది కాదు. 3 డెసిబెల్స్ పెరిగితే చెవికి చేరే ధ్వని శక్తి రెట్టింపవుతుంది; 10 పెరిగితే పది రెట్లవుతుంది. చెవికి కలిగే హాని శబ్దం తీవ్రత మీద ఎంత ఆధారపడి ఉంటుందో, అది ఎంతసేపు చెవిని చేరుతుందన్న దాని మీద కూడా అంతే ఆధారపడి ఉంటుంది. కర్మాగారాల్లో పనిచేసేవారికి రోజుకు 8 గంటల పాటు 85 డెసిబెల్స్ వరకు హద్దుగా వృత్తి ఆరోగ్య నిపుణులు సూచిస్తారు. 88 డెసిబెల్స్ అయితే 4 గంటలే, 91 అయితే 2 గంటలే. ఈ లెక్క వెనుక పైకి చెప్పని ఒక ఊహ ఉంది. కార్మికుడు పని ముగించుకొని ఇంటికి వెళ్తాడు, మిగిలిన 16 గంటలు అతని చెవికి విశ్రాంతి దొరుకుతుంది అన్నదే ఆ ఊహ. వ్యోమగామికి ఇంటికి వెళ్లడం అంటూ లేదు. పనిచేసే చోటు, తినే చోటు, పడుకునే చోటు అన్నీ ఆ గొట్టంలోనే. అందుకే అక్కడ 8 గంటల లెక్క చాలదు, 24 గంటల లెక్క కావాలి. రోజంతా కలిపి సగటున 70 డెసిబెల్స్ దాటకపోతే జీవితకాలంలో చెప్పుకోదగ్గ వినికిడి నష్టం దాదాపు ఎవరికీ కలగదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1974లో నిర్ణయించింది. ఆ కొలబద్దతో చూస్తే, నేడు కేంద్రంలోని చాలా గదుల్లో ఉన్న 60 డెసిబెల్స్ హద్దుకు లోపలే ఉన్నాయి. ఆ మేరకు మీ అనుమానం సరైనదే.

అయితే పరిస్థితి ఎప్పుడూ ఇలా లేదు. సోవియట్ కాలంలో కక్ష్యలోకి వెళ్లిన సాల్యూత్‌–7, మీర్ కేంద్రాల్లో దీర్ఘకాలం గడిపి వచ్చిన వారిలో కొందరికి తాత్కాలికంగా, మరికొందరికి శాశ్వతంగా వినికిడి తగ్గినట్టు నమోదైంది. అంతర్జాతీయ కేంద్రంలో 2000 జులైలో కక్ష్యకు చేరిన రష్యన్ విభాగం జ్వెజ్దాలో, తొలి సంవత్సరాల్లో కొన్ని చోట్ల శబ్దం 70 డెసిబెల్స్‌ను తాకడమే కాక దాటింది కూడా. అక్కడి పడక గదుల్లో కూడా హోరు తగ్గేది కాదు. ఆ తరువాత చాలా ఏళ్ల పాటు ఫ్యాన్లను మార్చారు, యంత్రాల కింద కంపనాలను మింగే దిమ్మెలు అమర్చారు, గోడలకు శబ్దాన్ని పీల్చే దుప్పట్లు తగిలించారు. నేడు మీరు చదివిన 60 అన్న అంకె ఆ శ్రమ ఫలితం. దానిని చూసి సమస్య ఎన్నడూ లేదని అనుకుంటే ఆ శ్రమను మరచిపోయినట్టే.

ఇక చెవి లోపల ఏమి జరుగుతుందో చూద్దాము. నత్తగుల్లలా చుట్టుకొని ఉండే కాక్లియాలో సుమారు 12,000 బయటి రోమ కణాలు, 3,500 లోపలి రోమ కణాలు వరుసలు తీరి ఉంటాయి. శబ్దానికి ఊగి, ఆ ఊపును నాడీ సంకేతంగా మార్చేవి ఇవే. పక్షుల్లో చచ్చిపోయిన రోమ కణాల స్థానంలో కొత్తవి పుడతాయి, మనుషుల్లో పుట్టవు. తీవ్రమైన శబ్దం విన్న తరువాత చెవి దిమ్మెక్కినట్టుండి, కొన్ని గంటల్లోనో మర్నాటికో తేరుకోవడం మనలో చాలామందికి అనుభవమే. కణాలు అలసి, నిశ్శబ్దంలో కోలుకోవడం అది. కోలుకోవడానికి కావలసిన నిశ్శబ్దమే దొరకకపోతే, ఆ తాత్కాలిక నష్టం మీద మరో తాత్కాలిక నష్టం పడుతూ పోతుంది. పరీక్షలో వినికిడి పూర్తిగా తిరిగి వచ్చినట్టు కనిపించినా, రోమ కణాలకూ నాడికీ మధ్య ఉండే సంధులు కొన్ని తిరిగి రాకుండా పోతాయని 2009లో చుంచెలుకల మీద జరిగిన పరిశోధన చూపింది. అటువంటి నష్టం ఉన్నవారికి నిశ్శబ్దమైన గదిలో అన్నీ వినిపిస్తాయి. పదిమంది మాట్లాడే చోట మాత్రం ఎదుటివారి మాట స్పష్టంగా అందదు.

ఈ కారణాల వల్లనే నేను 60 అన్న అంకెను చూసి నిశ్చింతగా ఉండలేను. ఆ 60 సగటు నేపథ్యం మాత్రమే. రోజుకు సుమారు రెండు గంటల వ్యాయామంలో భాగంగా ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తేటప్పుడు, వ్యాక్యూమ్ క్లీనర్‌తో గాలి జల్లెడలను శుభ్రం చేసేటప్పుడు, గదుల పీడనాన్ని సరిచేసే కవాటాలు తెరిచేటప్పుడు శబ్దం అంతకు మించి పోతుంది.

ప్రశ్న: ఇంత సమస్య ఉన్నప్పుడు వ్యోమగాములు ఎప్పుడూ ఇయర్‌ప్లగ్గులో, శబ్దాన్ని రద్దు చేసే హెడ్‌ఫోన్లో పెట్టుకొని ఉండవచ్చు కదా?

జవాబు: అవసరమైన పనుల్లో పెట్టుకుంటారు. ఒక్కొక్కరి చెవికి సరిపడేలా అచ్చు తీసి చేసిన ఇయర్‌ప్లగ్గులు కూడా వాడతారు. కానీ ఆరు నెలలు, రోజంతా చెవులు మూసుకొని ఉండడం సాధ్యం కాదు. చెవి రంధ్రం ఒరుసుకుపోతుంది, చెమటకు చెమ్మగిల్లుతుంది, గులిమి లోపలికి నెట్టుకుపోతుంది, ఇన్‌ఫెక్షన్‌కు దారి తీస్తుంది. శబ్దాన్ని రద్దు చేసే హెడ్‌ఫోన్లు ఫ్యాన్ హోరు వంటి మంద్ర స్థాయి శబ్దం మీద బాగా పనిచేస్తాయి, కీచుమనే హెచ్చు స్థాయి శబ్దం మీద అంతగా పనిచేయవు.

అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. అక్కడ చెవి ఒక పరికరం. మంటలు రేగినా, గాలి పీడనం పడిపోయినా, విషవాయువు వెలువడినా హెచ్చరిక ముందుగా శబ్ద రూపంలోనే వస్తుంది. యంత్రం హోరులో చిన్న తేడా వచ్చినా అనుభవజ్ఞులు గుర్తుపడతారు. 2024 ఆగస్టు చివర, కేంద్రానికి అనుసంధానమై ఉన్న స్టార్‌లైనర్ నౌక స్పీకర్‌లోంచి లయబద్ధంగా ఒక వింత చప్పుడు వస్తున్నదని వ్యోమగామి బుచ్ విల్మోర్ గమనించి, భూమి మీది నియంత్రణ కేంద్రానికి ఆ చప్పుడును వినిపించారు. కేంద్రానికీ నౌకకూ మధ్య ధ్వని వ్యవస్థల అమరిక వల్ల కలిగిన ప్రతిధ్వని అని తరువాత తేలింది. ఆ సంఘటనలో ప్రమాదమేమీ లేదు. కానీ చెవులు మూసుకొని తిరిగే మనిషికి ఇటువంటివి తెలియనే తెలియవు.

అందువల్ల రక్షణ పరికరాలను చివరి ఉపాయంగానే చూడాలన్నది నా గట్టి అభిప్రాయం. శబ్దాన్ని పుట్టిన చోటనే తగ్గించాలి. పరికరం కక్ష్యకు వెళ్లక ముందే భూమి మీద దాని శబ్దాన్ని కొలిచి, హద్దు దాటితే సరిచేయమని వెనక్కి పంపే విధానం నేడు ఉంది. ఫ్యాన్ రెక్క ఆకారం మార్చడం, గాలి వెళ్లే గొట్టంలో మలుపులను సవరించడం నమూనా దశలో సులభం. కక్ష్యలో ఒక ఫ్యాన్‌ను విప్పి మార్చాలంటే ఎంతో శ్రమ, ఎన్నో గంటల పని. హార్మొనీ విభాగంలో అమర్చిన టెలిఫోన్ బూత్ అంతటి నాలుగు పడక గదులకు గోడల్లోనే శబ్దాన్ని అడ్డుకునే పొరలు పెట్టారు. పని స్థలం కంటే పడక గదికి సుమారు 10 డెసిబెల్స్ తక్కువ హద్దును నిర్ణయించడం కూడా చెవికి రాత్రి విశ్రాంతి ఇవ్వాలన్న ఉద్దేశంతో చేసినదే.

ప్రశ్న: శబ్దం సంగతి అలా ఉంచితే, భారం లేకపోవడం వల్ల చెవికి నేరుగా ఏదైనా జరుగుతుందా?

జవాబు: జరుగుతుంది. భూమి మీద కాళ్ల వైపుకు దిగే రక్తం, ఇతర ద్రవాలు అక్కడ తల వైపుకు చేరుతాయి. అందుకే మొదటి రోజుల్లో వ్యోమగాముల ముఖాలు ఉబ్బినట్టు కనిపిస్తాయి, జలుబు చేసినట్టు ముక్కు దిబ్బడ వేస్తుంది. ముక్కు వెనుక భాగాన్నీ నడిమి చెవినీ కలిపే యూస్టేషియన్ నాళం కూడా ఈ వాపు వల్ల సరిగా తెరుచుకోకపోవచ్చు. దీర్ఘయాత్రల నుంచి వచ్చిన వారికి తీసిన ఎమ్మారై చిత్రాల్లో, చెవి వెనుక ఉండే మాస్టాయిడ్ ఎముక గాలి అరల్లో ద్రవం చేరినట్టు కొందరిలో కనిపించింది. మెదడు చుట్టూ ఉండే ద్రవానికీ, లోపలి చెవిలోని ద్రవానికీ మధ్య సన్నని కాలువ ఒకటి ఉంది కాబట్టి, తలలోని ఒత్తిడిలో కలిగే మార్పు కాక్లియాను కూడా చేరగలదు. కంటి విషయంలో ద్రవాల తరలింపు ఎటువంటి మార్పులు తెస్తుందో ఇప్పటికే చాలామంది వ్యోమగాముల్లో చూశారు; చెవి విషయంలోనూ అదే శ్రద్ధతో పరిశీలన సాగుతున్నది. భారరహిత స్థితి ఒక్కటే శాశ్వతంగా వినికిడిని పోగొడుతుందని మాత్రం రుజువు కాలేదు.

లోపలి చెవిలోనే ఉన్న సమతుల్య అవయవానికి కలిగే మార్పు ఇంకా స్పష్టం. గురుత్వ దిశను చెప్పే సున్నపు రేణువులకు అక్కడ బరువే ఉండదు. కన్ను ఒకటి చెప్తుంది, చెవి మరొకటి చెప్తుంది, ఆ తికమక వల్ల మొదటి రెండు మూడు రోజులు చాలామందికి వాంతులు, వికారం కలుగుతాయి.

గాలిలోని రసాయనాలను కూడా ఇక్కడ ప్రస్తావించాలి. టొలువీన్, స్టైరీన్ వంటి ద్రావకాలు శబ్దంతో కలిసినప్పుడు చెవికి అదనపు హాని చేస్తాయని పరిశ్రమల అనుభవం చెప్తున్నది. మూసి ఉన్న కేంద్రంలో గాలిని తరచూ పరీక్షించడానికి ఇదీ ఒక కారణం.

ప్రశ్న: స్పేస్‌వాక్ చేసేటప్పుడైనా చెవికి నిశ్శబ్దం దొరుకుతుందా?

జవాబు: దొరకదు. అంతరిక్ష సూటు లోపల కూడా గాలిని తిప్పే ఫ్యాన్, నీటిని నడిపే పంపు పనిచేస్తుంటాయి, చెవుల దగ్గర స్పీకర్లలో మాటలు వినిపిస్తూ ఉంటాయి. అమెరికన్ సూటులో పీడనం సాధారణ వాతావరణ పీడనంలో మూడో వంతు కంటే తక్కువ. ఆ మార్పుకు చెవులు దిబ్బళ్లు వేస్తే మనలాగ ముక్కు మూసుకొని ఊదడానికి వారికి చెయ్యి అందదు. అందుకని శిరస్త్రాణం లోపల ముక్కును ఆనించి నొక్కుకోవడానికి మెత్తటి చిన్న దిమ్మె పెడతారు. 2013 జులైలో ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో శిరస్త్రాణంలోకి నీరు చేరి, ముక్కును, కళ్లను, చెవులను కప్పేసినప్పుడు, ఊపిరికి కలిగిన ముప్పుతో పాటు, భూమి నుంచి వస్తున్న మాట వినబడకపోవడం కూడా ఆయనను ఇబ్బంది పెట్టింది. దాదాపు ఏమీ కనబడని స్థితిలో, తన తాడును పట్టుకొని ఆయన తిరిగి ద్వారానికి చేరారు.

ప్రశ్న: అంత హోరులో వినికిడి పరీక్ష ఎలా చేస్తారు? వచ్చిన నష్టం అంతరిక్షం వల్లనే వచ్చిందని ఎలా చెప్పగలరు?

జవాబు: భూమి మీద ఆడియోగ్రామ్‌ను, అంటే ఏ స్థాయి స్వరం ఎంత మెల్లగా ఉన్నా వినబడుతుందో చూపే గీతపటాన్ని, శబ్దం చొరబడని గదిలో తీస్తారు. యాత్రకు ముందు, యాత్ర ముగిశాక అలాగే తీస్తారు. కక్ష్యలో అటువంటి గది లేదు కాబట్టి, బయటి శబ్దాన్ని బాగా అడ్డుకునే హెడ్‌ఫోన్లు పెట్టుకొని, కంప్యూటర్ వినిపించే చిన్న చిన్న స్వరాలకు వ్యోమగామి స్వయంగా స్పందిస్తూ పరీక్ష చేసుకుంటారు. శబ్దం వల్ల కలిగే నష్టం సాధారణంగా 4,000 హెర్ట్జ్ దగ్గర ముందుగా పల్లంలా కనిపిస్తుంది కాబట్టి వైద్యులు ఆ చోటును జాగ్రత్తగా చూస్తారు. వ్యోమగామి సమాధానం చెప్పనవసరం లేని పరీక్ష ఇంకొకటి ఉంది. ఆరోగ్యంగా ఉన్న బయటి రోమ కణాలు శబ్దాన్ని అందుకోవడమే కాక, తాము కూడా అతి సన్నని శబ్దాన్ని వెనక్కి పంపుతాయని డేవిడ్ కెంప్ 1978లో కనిపెట్టారు. ఆ ప్రతిస్పందనను చెవిలో పెట్టిన చిన్న మైక్రోఫోన్‌తో కొలవవచ్చు. 2019లో మొదలైన ఒక ఇటాలియన్ ప్రయోగం వ్యోమగాముల్లో ఈ విధంగానే చెవి స్థితిని పరిశీలించింది.

మీ రెండో ప్రశ్న చాలా సరైనది. వ్యోమగాముల్లో చాలామంది యుద్ధ విమానాలు నడిపినవారు, నలభై దాటినవారు. వారి చెవులు అంతరిక్షానికి వెళ్లక ముందే కొంత శబ్దాన్ని మోశాయి, వయసు ప్రభావం కూడా మొదలై ఉంటుంది. శిక్షణలో భాగంగా జెట్ విమానాల్లో ఎగరడం యాత్రల మధ్య కాలంలోనూ సాగుతుంది. అందువల్ల ఒక్క ఆడియోగ్రామ్ చూసి నిర్ధారణ చేయకూడదు. అదే మనిషి ఏళ్ల తరబడి ఇచ్చిన పరీక్షలను వరుసగా పెట్టి, యాత్రకు ముందూ తరువాతా వచ్చిన తేడాను మాత్రమే చూడాలి.

ప్రశ్న: అంగారక యాత్రలో ఈ సమస్య పెరుగుతుందా?

జవాబు: పెరిగే అవకాశం ఉంది. రానూపోనూ కలిపి రెండున్నర నుంచి మూడేళ్లు పట్టే యాత్ర అది. కేంద్రంలో ఒక గదిలో హోరు ఎక్కువైతే మరో గదిలోకి వెళ్లవచ్చు. ఓరియన్ వంటి చిన్న నౌకలో మనుషులు మసలడానికి ఉన్న చోటు సుమారు 9 ఘనమీటర్లు మాత్రమే కాబట్టి ఏ ఫ్యాన్‌కైనా అందరూ దగ్గరే. దూర యాత్రకు వాడే నివాస భాగం దానికంటే పెద్దదైనా, యంత్రాల నుంచి దూరంగా జరిగే వీలు కేంద్రంలో ఉన్నంతగా ఉండదు. ఆరు నెలలకు దిగివచ్చి కోలుకునే అవకాశం ఉండదు. భూమికీ నౌకకూ మధ్య మాట చేరడానికి ఒక్కో దిశలో 20 నిమిషాలకు పైగా పట్టే రోజులు వస్తాయి. సగం వినబడిన వాక్యాన్ని మళ్లీ చెప్పమని అడిగి జవాబు పొందేసరికి ముప్పావు గంట గడుస్తుంది. ఆ నౌక నమూనా గీసే ఇంజనీరు, బరువునూ విద్యుత్తునూ లెక్కించినంత శ్రద్ధగా, మొదటి రోజు నుంచే డెసిబెల్స్‌ను కూడా లెక్కించాలి.

ప్రశ్న: నాకు పుట్టుకతో వినికిడి లేదు. నా వంటివారికి అంతరిక్ష చరిత్రలో ఏదైనా చోటు ఉన్నదా?

జవాబు: ఉన్నది, అదీ చాలా గౌరవప్రదమైన చోటు. 1950ల చివర, మనిషి ఇంకా అంతరిక్షంలోకి వెళ్లక ముందు, భారరహిత స్థితిని మానవ శరీరం తట్టుకోగలదా అన్న సందేహం శాస్త్రవేత్తలను వేధిస్తుండేది. అమెరికా నౌకాదళ విమానయాన వైద్య పాఠశాల, నాసా కలిసి, బధిర విద్యార్థుల కోసం ఏర్పడిన గాలొడెట్ కళాశాల నుంచి పదకొండు మందిని ఎంపిక చేశాయి. వారిలో పదిమందికి చిన్ననాడు వచ్చిన మెదడుపొరల వాపు వ్యాధి వల్ల వినికిడితో పాటు లోపలి చెవిలోని సమతుల్య అవయవం కూడా దెబ్బతిన్నది. అందువల్ల వారికి ప్రయాణపు వికారం కలగదు. సుమారు పదేళ్ల పాటు వారు ఎన్నో పరీక్షలకు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. నలుగురు, నెమ్మదిగా తిరుగుతూ ఉండే ఒక గదిలో పన్నెండు రోజులు గడిపారు. కాసేపు బరువు లేని స్థితిని కల్పించే విమానాల్లో పదేపదే ఎగిరారు. మిగిలినవారికి వికారం ఎందుకు కలుగుతుందో, శరీరం దానికి ఎలా అలవాటు పడుతుందో అర్థం కావడానికి వారి సహకారం ఎంతో తోడ్పడింది.

ఒకసారి వారిని కెనడాలోని నోవా స్కోషియా తీరం దగ్గర, అలలు భయంకరంగా ఎగసిపడే సముద్రంలోకి పడవలో తీసుకువెళ్లారు. పరీక్షించడానికి వెంట వెళ్లిన పరిశోధకులే వాంతులతో కుదేలై ప్రయోగాన్ని మధ్యలో ఆపవలసి వచ్చింది. ఆ సమయంలో ఆ పడవలోనే కూర్చొని, ఆ యువకులు ప్రశాంతంగా పేకాడుకుంటున్నారు.